స్కేట్‌బోర్డు విన్యాసములు – వానిని పట్టిన కెమెరాలు

1878వ సంవత్సరము జూన్ మాసమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పాలో ఆల్టో అను చోట, ఒక గుఱ్ఱపు పందెపు బాట ప్రక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపిరి. బాటకు అడ్డముగా సన్నని దారములు కట్టిరి. గుఱ్ఱము పరుగెత్తుచు ఒక్కొక్క దారమును తెంచుకొని పోవునపుడు ఒక్కొక్క కెమెరా తనంత తానే చిత్రము తీసికొనెను. ఈ ఏర్పాటు చేసినవాడు ఎడ్వర్డు మైబ్రిడ్జి. ధనమిచ్చినవాడు గుఱ్ఱముల యజమాని లీలండ్ స్టాన్‌ఫర్డు. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్ళును ఏ క్షణమందైనను ఒక్కసారిగా నేలను వీడునా, వీడదా అన్నది అప్పటి ప్రశ్న. వీడునని చిత్రములు తేల్చినవి. అయితే చిత్రకారులు అంతవఱకు గీయుచు వచ్చినట్లు కాళ్ళు బారజాచినప్పుడు కాదు. అవి కడుపు క్రిందికి ముడుచుకొన్నప్పుడు.

ఇది జరిగిన సుమారు నూరేండ్లకు అదే దేశమున ఇటువంటి ప్రశ్నయే మరియొకటి పుట్టినది. ఫ్లోరిడా రాష్ట్రమునకు చెందిన ఆలన్ గెల్‌ఫాండ్ అను కుఱ్ఱవాడు 1970 దశకము చివర చక్రముల పలకపై నిలిచి, గిన్నె వంటి గుంట గోడలపై నుండి పలకతోసహా గాలిలోనికి లేవసాగెను. చేతితో పలకను పట్టుకొనలేదు. పలక కాళ్ళకు కట్టబడియు లేదు. చూచినవారు తమ కన్నులను తామే నమ్మలేదు. చూడనివారు మాటను నమ్మలేదు. 1980 దశకము మొదట రాడ్నీ మల్లెన్ అనునతడు ఈ విద్యను సమతలమైన నేలమీదికి తెచ్చెను. దీనికి 'ఆలీ' అని పేరు. నేటి స్కేట్‌బోర్డు విన్యాసములలో చాల భాగము దీనిపై నిలిచినవే.

స్కేట్‌బోర్డును చూడని పాఠకులకు ఒక మాట. ఏడు పొరల మేపుల్ చెక్కను అతికించి చేసిన పలక, సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. క్రింద రెండు ఇరుసులు, నాలుగు చక్రములు. రెండు కొనలును కొంచెము పైకి వంగి యుండును. వానిని ముక్కు, తోక అందురు. పలకపైన ఉప్పుకాగితము వంటి గరుకు పొర అంటింపబడి యుండును. ఆలీ చేయువాడు వెనుక పాదముతో తోకను నేలకు గట్టిగా కొట్టును. పలక వెనుక ఇరుసును ఆధారము చేసికొని ముక్కు పైకి లేచును. అదే క్షణమున అతడు పైకి దుముకును. ముందు పాదము గరుకు పొరపై జారుచు ముక్కు వైపునకు పోవును. ఆ ఘర్షణయే పలకను పైకి ఈడ్చి, గాలిలో సమముగా నిలుపును. కాలు పలకను ఈడ్చుకొని పోవుచున్నను, చూచువారికి పలకయే కాలికి అంటుకొని పోయినట్లు తోచును.

ఇదంతయు ఎంతసేపు? మనిషి 45 సెంటీమీటర్లు ఎగిరెననుకొందము. ఆ ఎత్తునుండి పడుటకు 0.3 సెకను, ఎక్కుటకు మరి 0.3 సెకను, వెరసి 0.6 సెకను. సినిమా కెమెరా సెకనుకు 24 చిత్రములు తీయును గనుక, ఎగురుట మొదలు దిగుట వఱకు దానికి దొరకునవి 14 చిత్రములే. పాదము జారు ఘట్టము అందులో నాలుగైదు చిత్రములకు మించదు. పలకను నిలువు అక్షము చుట్టు గాక, దాని పొడవు అక్షము చుట్టు ఒక్క చుట్టు త్రిప్పి మరల కాళ్ళ క్రిందికి తెచ్చుకొను 'కిక్‌ఫ్లిప్' విషయము మరింత చిక్కు. ఆ చుట్టు సెకనులో మూడవ వంతున పూర్తియగునని లెక్కకు తీసికొన్నచో పలక సెకనుకు 1080 డిగ్రీలు తిరుగుచున్నదన్నమాట. సినిమా కెమెరా షట్టరు సాధారణముగా సెకనులో 48వ వంతు తెరచియుండును. ఆలోపల పలక 22 డిగ్రీలకు పైగా తిరిగి, చిత్రమున అలుకుకొని పోవును. షట్టరును సెకనులో 1000వ వంతునకు తగ్గించినచో తిరుగుడు ఒక్క డిగ్రీయే. చిత్రము స్ఫుటముగా వచ్చును. కాని అప్పుడు సుమారు ఇరువది రెట్ల వెలుతురు కావలెను. స్కేట్‌బోర్డు చిత్రములలో అత్యధిక భాగము ఎండలోనే తీయబడుటకు ఇదియు ఒక కారణము.

దూరపు ఊళ్ళలోని పిల్లలకు ఈ విద్య నేర్పువారు లేరు. పత్రికలో అచ్చయిన ఒక్క చిత్రమును చూచి, మనిషి గాలిలోనున్నాడని తెలిసికొనవచ్చును; ఎట్లు లేచెనో తెలియదు. ఊహించి చేసినవాడు కాంక్రీటుపై పడి మణికట్టు విరుగగొట్టుకొనును. కనుక ఏ కెమెరాతో, ఎక్కడ నిలిచి, సెకనుకు ఎన్ని చిత్రములు తీయవలెనన్నది వీరికి వినోదపు ప్రశ్న కాలేదు. అదియే పాఠశాల, అదియే సాక్ష్యము.

పలకకు చక్రములు బిగించి వీథులలో తిరుగు ఆట కాలిఫోర్నియాలో 1950 దశకమున వ్యాపించినది. సముద్రపు అలలపై పలకలతో ఆడువారు అలలు లేని దినములలో దీనిని ఆడిరి. ఈ ఆట త్వరలోనే చలనచిత్రములకెక్కినది. నోయెల్ బ్లాక్ 1965లో తీసిన 'స్కేటర్‌డేటర్' అను లఘుచిత్రము మాటలు లేకయే కథ చెప్పి, 1966లో కాన్ చలనచిత్రోత్సవమున లఘుచిత్రముల ప్రథమ బహుమతి పొందినది. ఆ 1966లోనే కెనడాలో క్లోద్ జూత్ర మాంట్రియల్ వీథులలోని స్కేట్‌బోర్డు పిల్లలపై చిన్న చిత్రమును తీసెను. ఇవి మంచి చిత్రములే. కాని వానిని చూచి ఎవరును విన్యాసము నేర్వలేరు. అది వాని ఉద్దేశమును కాదు.

పైగా ఫిల్ము ఖరీదైన పదార్థము. 16 మిల్లీమీటర్ల ఫిల్ము ఒక అడుగునకు 40 చిత్రములు పట్టును. 100 అడుగుల చుట్టలో 4000 చిత్రములు; అనగా 2 నిమిషముల 46 సెకనులు. స్కేట్‌బోర్డు విన్యాసము కొత్తదైనచో యాబదిసార్లు, నూరుసార్లు తప్పిన పిమ్మట ఒక్కసారి కుదురును. ఆ ఒక్కసారి ఏదియో ముందుగా తెలియదు. ప్రతి ప్రయత్నమునకును కెమెరా తిరుగుచు ఉండవలెను. ఒక్క విన్యాసమునకై చుట్టలకు చుట్టలు ఫిల్ము కాల్చుకొనగల కుఱ్ఱవాడెవడు? అందుచేత 1970 దశకమున, మెత్తని యూరిథేన్ చక్రములు వచ్చి ఆట మరల పుంజుకొన్నపుడును, 1976–77లో కాలిఫోర్నియాలో వానలు లేక ఎండిన ఈతకొలనులలో పిల్లలు చొరబడి గోడలెక్కినపుడును, వారి చరిత్రను వ్రాసినవి ఎక్కువగా పత్రికల నిశ్చల చిత్రములే. మోటారుతో వరుసగా చిత్రములు తీయు కెమెరాలు మాత్రము మైబ్రిడ్జి పద్ధతినే మరల నడిపినవి: ఒక విన్యాసము, పుట పొడవున ఆరేడు చిత్రములు.

ఈ చిక్కును విప్పినది అయస్కాంతపు టేపు. టేపుపై తప్పిన ప్రయత్నమును చెరిపి మరల వ్రాసికొనవచ్చును. జపానులో 1976లో వచ్చిన వి.హెచ్.ఎస్. పెట్టెలు కొన్ని యేండ్లకే అమెరికాలో ఇంటింటను చేరినవి. స్టేసీ పెరాల్టా తాను స్కేట్‌బోర్డు ఆటగాడు. జార్జి పవెల్‌తో కలిసి పలకల వ్యాపారము నడుపుచు 1984లో 'బోన్స్ బ్రిగేడ్ వీడియో షో' అను టేపును తీసి అమ్మకమునకు పెట్టెను. టోనీ హాక్, స్టీవ్ కాబలేరో, రాడ్నీ మల్లెన్ మొదలైనవారి విన్యాసములు అందులో కలవు. ఆ టేపును కొన్నవాడు దానిని ఒకసారి చూచి ఊరుకొనలేదు. ఆపి, వెనుకకు త్రిప్పి, ఒక్కొక్క చిత్రముగా కదిపి చూచెను. వీడియో యంత్రముపై నున్న 'పాజ్' మీట మైబ్రిడ్జి దారము చేసిన పనియే చేసినది. ఆలీ రహస్యము ఊరూరికి ప్రాకుటలో ఈ చిన్న మీట పాత్ర తక్కువ కాదు.

1988లో 'షాకిల్ మీ నాట్', 1991లో 'వీడియో డేస్' అను టేపులు వచ్చినవి. వీనిలో కట్టిన వేదికలు తక్కువ. వీథులు, మెట్లు, ఇనుప కమ్ములు ఎక్కువ. 'వీడియో డేస్' తీసిన స్పైక్ జోన్జ్ తరువాత చలనచిత్ర దర్శకుడై, 2014లో ఉత్తమ రచనకు ఆస్కారు బహుమతి పొందెను. వీథిలో పరుగెత్తు ఆటగాని వెంట కెమెరా పట్టినవాడు నడచి లాభము లేదు. పరుగెత్తినచో చిత్రము ఎగిరెగిరి పడును. అందుచేత అతడును స్కేట్‌బోర్డు ఎక్కెను. ఇక్కడ చక్రముల గట్టిదనము ప్రశ్న వచ్చినది. విన్యాసములు చేయువాని చక్రములు షోర్ 'ఎ' కొలమానముపై సుమారు 99 గట్టిదనము గలవి. అవి రోడ్డుపై నున్న ప్రతి రాతినీ చెప్పును. కెమెరా పట్టువాడు సుమారు 78 గట్టిదనము గల పెద్ద మెత్తని చక్రములు వేసికొనును. అవి కుదుపును మ్రింగి, చప్పుడును తగ్గించును. సినిమావారు పట్టాలు పరచి, బండిపై కెమెరా నుంచి, నలుగురిచే త్రోయించు పనిని ఒక కుఱ్ఱవాడు ఒంటికాలితో నేలను తన్నుచు చేసికొన్నాడు.

కటకముల విషయము మరింత ఆసక్తికరమైనది. దిగుడుబావిలో మునిగి పైకి చూచిన ఈతగాండ్రకు ఒక వింత తెలిసియుండును. బావి ఒరలు, పైనున్న చెట్లు, ఆకాశము అన్నియు తలపైన ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనబడును. నీటి వక్రీభవన గుణకము 1.33, దాని సందిగ్ధ కోణము 48.6 డిగ్రీలు. నీటిపైనున్న 180 డిగ్రీల ప్రపంచమంతయు సుమారు 97 డిగ్రీల శంకువులోనికి వంగి వచ్చును. చేప పైకి చూచినపుడు కనబడునది ఇదియే. అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్టు విలియమ్స్ వుడ్ 1906లో నీరు నింపిన పాత్ర అడుగున ఛాయాచిత్రపు పలక నుంచి, చిన్న రంధ్రము గుండ వెలుగును పంపి ఇట్టి చిత్రములు తీసి, వానికి చేపకంటి చూపు అని పేరు పెట్టెను. 1920 దశకమున కేంబ్రిడ్జిలో రాబిన్ హిల్ ఆకాశమంతటి మేఘములను ఒకే చిత్రమున పట్టుటకు గాజుతోనే అట్టి కటకమును కల్పించెను. కిరణజన్య సంయోగక్రియను చదువునపుడు విద్యార్థులు వినెడి 'హిల్ చర్య' ఈయన పేరిటిదే.

మేఘములకై పుట్టిన ఈ కటకము మెట్లపై దుముకు పిల్లలకు ఏల కావలసి వచ్చినది? లెక్క వేసి చూడవచ్చును. 170 సెంటీమీటర్ల మనిషిని తల నుండి పాదము వఱకు 60 సెంటీమీటర్ల దూరమునుండి చిత్రింపవలెనన్నచో సుమారు 110 డిగ్రీల చూపు కావలెను. సాధారణ కటకమునకు అది అసాధ్యము. మామూలు కటకమున ఒక బిందువు చిత్రమధ్యము నుండి ఎంత దూరమున పడునన్నది కోణము యొక్క 'టాంజెంటు'ను బట్టి యుండును. 90 డిగ్రీల వద్ద అది అనంతము. చేపకంటి కటకమున ఆ దూరము సుమారుగా కోణమునకే అనులోమముగా నుండును. కనుక అంచులు అందుబాటులోనికి వచ్చును. బదులుగా తిన్నని గీతలు విల్లువలె వంగును. స్కేట్‌బోర్డువారు ఆ వంపును భరించుటయే గాక ప్రేమించిరి.

దగ్గరగా పోవుటలో ఇతర లాభములును కలవు. చేయి ఒక డిగ్రీ వణకినచో 10 డిగ్రీల చూపు గల దూరపు కటకములో చిత్రము పదవ వంతు కదలును. 110 డిగ్రీల కటకములో అది గుర్తింపరాదు. నాభ్యంతరము మిక్కిలి తక్కువ గనుక దగ్గరిదియు దూరపుదియు ఒకేసారి స్పష్టముగా నుండును. పరుగులో కటకమును సరిచూచుకొను పని లేదు. కెమెరాను మోకాలి క్రిందికి దించినచో పలక పెద్దదై, ఆటగాడు కొండంతయై, నాలుగు మెట్లు కూడ ఎనిమిదింటి వలె కనబడును. ఇది కొంతవఱకు కనికట్టే అని ఒప్పుకొనవలెను. అందుకే శ్రద్ధగలవారు అదే విన్యాసమును దూరమునుండి మరియొక కెమెరాతోను తీయింతురు. ఎత్తెంతో, దూరమెంతో అందులో నిజముగా తెలియును. చేపకన్ను ఆటగాని అనుభవమును చెప్పును, దూరపు కటకము కొలతను చెప్పును. అన్నట్లు, ముందుకు ఉబ్బియున్న ఆ గాజుగ్రుడ్డుకు ఎగిరివచ్చు పలక తగిలినచో దాని పని ముగిసినట్లే.

1995లో జపాను సంస్థయైన సోనీ 'వి.ఎక్స్.1000' అను కెమెరాను విపణిలో పెట్టెను. స్కేట్‌బోర్డుకై చేసినది కాదది. అయినను ఆ ఆటలో ఏ యంత్రమునకును దొరకని గౌరవము దానికి దొరికినది. లోపల పట్టకము వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలములుగా చీల్చి, మూడు వేరువేరు సి.సి.డి. పలకలపైకి పంపును, రంగులు నిండుగా వచ్చును. చిత్రము అంకెల రూపమున 6.35 మిల్లీమీటర్ల వెడల్పు గల టేపుపై, సెకనుకు సుమారు 2 కోట్ల 50 లక్షల బిట్ల చొప్పున వ్రాయబడును. పాత టేపులను నకలు తీసినకొలది బొమ్మ మాసిపోయెడిది. ఇందులో ఒక తీగతో టేపును కంప్యూటరునకు కలిపినచో అంకెలు అంకెలుగనే చేరును. ఇక శరీర నిర్మాణము: పైన పొడవున గట్టి పిడి. చెంబును పట్టుకొన్నట్లు ఒక చేత పట్టి, నేలకు జానెడెత్తున వ్రేలాడదీసి, పలకపై పోవుచు తీయవచ్చును. పైన అమర్చిన మైక్రోఫోను చక్రముల గరగరను, తోక నేలను కొట్టు టక్కుమను శబ్దమును నిండుగా పట్టెడిది. ఆరితేరినవారు ఆ శబ్దమును విని, విన్యాసము శుభ్రముగా కుదిరినదా లేదా చెప్పగలరు.

ఈ కెమెరా బొమ్మ అమెరికా పద్ధతిలో 720 నిలువు వరుసలు, 480 అడ్డు వరుసలు గలది. తరువాత పదేండ్లకు 1080 అడ్డు వరుసల కెమెరాలు వచ్చినవి. సాధారణ న్యాయము ప్రకారము పాతది మూల పడవలెను. పడలేదు. చాలమంది దానిని విడువక పోవుటకు అలవాటు, మమకారము కారణములే యనుట సగము నిజము. మిగిలిన సగము భౌతిక శాస్త్రము.

వి.ఎక్స్.1000లోని సి.సి.డి. పలక ఒక్క క్షణమున పడిన వెలుగునంతటిని ఒకేసారి మూటకట్టి, పిదప నెమ్మదిగా లెక్క చెప్పును. తరువాతి కాలమున వ్యాపించిన సీమాస్ పలకలలో చాలవఱకు పై వరుసతో మొదలుపెట్టి ఒక్కొక్క వరుసనే చదువుచు క్రిందికి దిగును. చదువుట ముగియుటకు సెకనులో 60వ వంతు పట్టెననుకొన్నచో, సెకనుకు 6 మీటర్ల వేగమున అడ్డముగా పోవు మనిషి తల చదివిన వేళకు, పాదములు చదివిన వేళకు నడుమ 10 సెంటీమీటర్లు జరిగియుండును. బొమ్మలో అతడు ఏటవాలుగా వంగును. కెమెరా కుదిపినచో దీపస్తంభములు పాములవలె మెలికలు తిరుగును. తిరుగుచున్న విద్యుత్ పంకాను మొబైలు ఫోనుతో చిత్రించి చూచినచో రెక్కలు కొడవళ్ళవలె వంగి కనబడుట విద్యార్థులు ఇంటనే పరీక్షింపవచ్చును. తిరుగు పలక, కుదుపు గల కెమెరా, వేగము – ఈ మూడును కూడిన ఆటకు ఇంతకంటె చేటు చేయు దోషము లేదు. సి.సి.డి.కి దోషము లేకపోలేదు: మిక్కిలి ప్రకాశమైన దీపము బొమ్మలో పడినచో దానినుండి నిలువున తెల్లని చార పుట్టును. కాని చార ఆటను చెరుపదు, వంపు చెరుపును.

నిజమునకు, 2005లో ప్రకటింపబడిన పానసోనిక్ 'హెచ్.వి.ఎక్స్.200' వంటి కొత్త కెమెరాలకు సి.సి.డి.లే ఉండెను. వానికి వచ్చిన ఆక్షేపణ వేరు. బొమ్మ ఆకారము 4:3 నుండి 16:9కి మారినది. నిలువుగా ఎగురు మనిషికి చదరపు బొమ్మ ఇచ్చిన తావు అడ్డపు బొమ్మ ఇయ్యదు. మనిషిని నిండుగా పట్టవలెనన్నచో రెండు ప్రక్కల ఖాళీ మిగులును. ఈ ఆక్షేపణలో న్యాయమున్నది.

కెమెరాలు బలిసినకొలది సాక్ష్యము సంగతి జటిలమైనది. 2003లో టై ఎవాన్స్, స్పైక్ జోన్జ్ తీసిన 'యే రైట్!' అను వీడియోలో ఒక భాగమున ఆటగాండ్రు పలక లేకయే గాలిలో జారుదురు. పలకలకు ఆకుపచ్చ రంగు వేసి, కంప్యూటరుతో వానిని తుడిచివేసిరి. అది వినోదమని చూచువారందఱకు తెలియును. కాని లేనిది చేర్చుటయు ఉన్నది తుడుచుటయు ఇంత తేలికైనచో, ఇరువది మెట్లు దుమికితినన్న మాటను ఎట్లు నమ్ముట? అందుకే ఈ ఆటలో వ్రాయని నియమమొకటి గట్టిపడినది. ఆటగాడు నేలను తన్నుచు వచ్చుట, ఎగురుట, దిగుట, దిగి చేయి నేలకానక ముందుకు సాగిపోవుట – ఇవి అతుకు లేని ఒకే ముక్కగా ఉండవలెను. దిగిన వెంటనే దృశ్యము తెగినచో చూచువారు అనుమానింతురు. మందగతి చిత్రణ ఎంత అందముగానున్నను, అదే విన్యాసమును అసలు వేగమున కూడ చూపుమందురు. మందగతిలో అన్నియు సులభముగానే కనబడును గదా!

మందగతి నేడు అందఱ చేతికిని వచ్చినది. 2014నాటికే సెకనుకు 240 చిత్రములు తీయు ఫోనులు విపణిలో నుండెను. మొదట లెక్కించిన 0.6 సెకను ఎగురుటకు సినిమా కెమెరా 14 చిత్రములు ఇచ్చినచోట ఈ ఫోను 144 ఇచ్చును; జారు పాదమును వ్రేలు వ్రేలుగా చూడవచ్చును. 2021లో టోక్యోలో, 2024లో పారిస్‌లో ఒలింపిక్ క్రీడలందు స్కేట్‌బోర్డు చేరుటతో లోకమంతయు ఈ విన్యాసములను ఇంటనుండి చూచినది. పాఠశాలలలో స్కేట్‌బోర్డు లేకున్నను ఈ లెక్కకు అడ్డములేదు. ఒక మీటరు ఎత్తునుండి బంతిని వదలి అట్టి ఫోనుతో తీసినచో, నేల తాకువఱకు సుమారు 108 చిత్రములు రావలెను. ఎన్ని వచ్చినవో విద్యార్థులే లెక్కపెట్టి, గురుత్వ త్వరణమును కట్టవచ్చును.

వి.ఎక్స్.1000ల తయారీ ఎప్పుడో ఆగిపోయినది. ఉన్నవానిని బాగుచేయుటకు చెడిపోయిన మరియొక దానినుండి భాగములు తీయవలసినదే. అంతకంటె తొందరగా అరిగిపోవునవి టేపులు. అయస్కాంతపు పొర దెబ్బతిన్నచోట బొమ్మ మాసిపోదు. చిన్న చిన్న చదరములుగా పగిలి, శబ్దము తెగిపోవును. 1990 దశకమున వీథులలో తీసిన టేపులు అనేకము, వీడియోలలో చేరని వందలకొలది ప్రయత్నములతోసహా, పెట్టెలలో పడియున్నవి. వానిని కంప్యూటరునకు ఎక్కించుటకు వేగముగా త్రిప్పు ఉపాయము ఆ కెమెరాలో లేదు. 60 నిమిషముల టేపునకు 60 నిమిషములు పట్టును, ఆ అరువది నిమిషములు పాత కెమెరా చెడకుండ తిరుగవలెను.